స్టాకు లేని దసరా

తెలంగాణ రావడానికి నాలుగేళ్ల ముందటి మాట. ఆ ఏడు దసరా సెలవులకు నాలుగు రోజుల ముందు మా బిడ్డ సంతోషి బెల్లంపల్లి నుంచి ఫోన్ చేసింది. నేను మొదటి షిఫ్టు దిగివచ్చి, స్నానం చేసి, పొద్దున వండిన అన్నంలో మజ్జిగ పోసుకుని తింటున్నాను. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తాను.

"డాడీ, దసరా సెలవులకు నేను రావాల్నా?" అని అడిగింది.

రావచ్చా అని కాదు, రావాల్నా అని. పన్నెండేళ్ల పిల్ల. ఆ ఒక్క మాటకు నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

నా భార్య రమ బిడ్డను తీసుకుని బెల్లంపల్లిలోని తన అన్న ఇంటికి వెళ్లి అప్పటికి రెండేళ్లు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు, కోర్టుకు పోలేదు. పెద్దమనుషుల ముందు ఒక్కటే అనుకున్నాం. చదువు అక్కడ, దసరా సెలవులు నా దగ్గర.

"ఎందుకు బిడ్డా గట్లంటవ్?"

"అక్కడ ఏముంటది డాడీ? నువ్వు డ్యూటీకి పోతవ్. నేనొక్కదాన్నే టీవీ సూస్కుంట కూసోవాలె. ఇక్కడైతే రుత్విక్ ఉంటడు." రుత్విక్ అంటే ఆమె మేనమామ కొడుకు. "వాళ్ల దోస్తు ఇంట్ల కొత్త వీడియో గేమ్ వచ్చిందట. చేతిల కట్టె పట్టుకొని ఊపితే టీవీల బొమ్మ గూడ ఊపుతదట."

"గదే కావాల్నా నీకు? నువ్వొచ్చేసరికి మన ఇంట్ల ఉంటది."

"నిజంగనా? ఒట్టు?"

"ఒట్టు."

ఆ తర్వాత ఆమె గొంతు మారింది. ఏ రైలుకు వస్తుందో, ఏ బట్టలు తెచ్చుకుంటుందో గడగడా చెప్పింది. ఫోన్ పెట్టేశాక మిగిలిన అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత ఉప్పు సరిపోయిందో లేదో తెలిసింది.

నేను సపోర్ట్‌మన్ పని చేసేవాణ్ని. బాయి లోపల, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు, ఇనుప కంబాలు నిలబెట్టే పని. బాయిలో ఏది ఎంత బరువు మోస్తుందో చూసి చెప్పగలను గానీ, బజారులో ఆట సామాన్లు నాకు కొత్త. మర్నాడు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో జైపాల్ టీవీల షోరూంకు వెళ్లాను. బొగ్గు కంపెనీ లాభాల్లో మాకు వాటా పడే నెల. బజారంతా పెళ్లింటిలా ఉంది. షోరూం మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. "మన ఖనిలో మొదటిసారి" అని దాని మీద ఎర్రక్షరాలు. లోపల గోడంత టీవీ ముందు బ్యాంకు ఉద్యోగి ఒకాయన చెప్పులు విడిచి, చేతిలో తెల్లటి కట్టె పట్టుకుని గాలిని కొడుతున్నాడు. తెర మీది బొమ్మ టెన్నిస్ ఆడుతోంది. ఆయన బొజ్జ ఊగినప్పుడల్లా జనం చప్పట్లు కొడుతున్నారు.

కౌంటర్‌లో చంద్రమతి ఉంది. వాళ్లది కోస్తా. భర్త కాంట్రాక్టు పని మీద ఇటు వస్తే ఆమె ఈ కొలువులో చేరింది.

"స్టాకు అయిపోయిందన్నయ్యా. పొద్దున రెండొచ్చాయి, గంటలో వెళ్లిపోయాయి. పేరు రాసుకుంటాను, రేపు రండి" అంది.

యజమాని జైపాల్ మా పక్క ఊరివాడే. ముప్పై దాటి ఉండవు. నా భుజం మీద చెయ్యేశాడు.

"హైదరాబాద్‌లనే దొరుకుతలేవన్నా. పండుగ గిరాకి. మన అదృష్టం, రోజుకు ఒకటో రెండో పంపుతున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు, రోజొచ్చి నిలబడు. వరుసల ఉన్నోనికే ఇస్త."

ఆ సాయంత్రం కేబుల్ టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తాయి: వీడియో గేమ్ కోసం ఎగబడుతున్న గోదావరిఖని జనం. నిజానికి ఆ రోజు ఎగబడ్డది ఏడుగురం. మర్నాటికి నలభై మంది అయ్యారు. ఆ మర్నాడు వరుస షోరూం మెట్లు దిగి, బట్టల దుకాణం దాటి, స్వీటు హౌసు దాకా పోయింది. చాయ్ బండివాడు తన బండిని అక్కడికే తోసుకొచ్చాడు. ఎన్టీపీసీ ఆఫీసర్ల ఇళ్ల నుంచి డ్రైవర్లు వచ్చి నిలబడ్డారు. బాయి నుంచి రిటైరైన రాయమల్లు తాత కట్టె పోటేసుకుంటూ వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"ఏమిస్తుండ్రురా ఎల్లేశం ఇక్కడ?"

"వీడియో గేమ్ తాతా."

"అంటే?"

"పిల్లలాడుకునేది."

తాత కాసేపు ఆలోచించాడు. "సరే, నాకు గూడ ఒకటి రాయమను. ఇంతమంది నిలబడ్డరంటే ఏదో మంచిదే అయ్యుంటది."

అందరం నవ్వాం. కానీ తాత కదల్లేదు. పేరు రాయించుకునే పోయాడు.

సంతోషి వచ్చిన రోజు రామగుండం స్టేషన్‌కు గంట ముందే వెళ్లాను. నిరుడు దసరాకు చూసిందే, రైలు దిగిన పిల్లను ముందు గుర్తుపట్టలేదు. జడ కత్తిరించుకుంది. నా భుజం దాకా వచ్చింది. సంచి అందుకోబోతే "నేనే మోస్త" అంది. ఆటోలో ఎక్కాక మొట్టమొదట అడిగింది:

"వచ్చిందా?"

"రేపొస్తది బిడ్డా."

ఇంటికి వచ్చాక కోడిగుడ్ల పులుసు చేశాను. ఆమెకు ఇష్టమని గుర్తుంది. ఒక గుడ్డు తిని, రెండోది పళ్లెం అంచుకు జరిపింది. ఇప్పుడు తినదట. రెండేళ్లలో ఏం తినడం మానిందో, ఏం తినడం మొదలుపెట్టిందో నాకు తెలియదు. అడిగి ఉండాల్సింది. అడగకుండా "రేపు తప్పకుండ వస్తది" అని మళ్లీ చెప్పాను.

నాకు మొదటి షిఫ్టే. పొద్దున ఆరున్నరకు వెళ్లేవాణ్ని. పిల్లను పక్క క్వార్టర్ కనకవ్వ చూసుకునేది. మూడింటికి బాయి పైకి వచ్చి, టోపీ లైటు అప్పజెప్పి, మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా నేరుగా లక్ష్మీనగర్ పోయేవాణ్ని. వరుసలో నిలబడేవాణ్ని. రోజుకు ఇద్దరి పేర్లు పిలిచేవారు. పిలిచినవాడు గెలిచినవాడిలా చేతులెత్తేవాడు, కెమెరా అతని వెనకాల తిరిగేది. తక్కినవాళ్లం ఎనిమిదింటికి ఇళ్లకు పోయేవాళ్లం. నేను చేరేసరికి పిల్ల కనకవ్వ ఇంట్లో తినేసి, మా గడప మీద కూర్చుని ఉండేది.

"వచ్చిందా?"

"రాలె. రేపు."

మూడు రోజులు అడిగింది. నాలుగో రోజు అడగలేదు. నేనే చెప్పాను, ఇంకా రాలేదని. "ఊ" అని లోపలికి పోయి పడుకుంది.

ఆ రోజే నేను టీవీలో వచ్చాను. కేబుల్ విలేకరి వరుస పొడుగూతా నడుస్తూ వచ్చి నా ముందు ఆగాడు. నా కళ్ల చుట్టూ బొగ్గు మసి కాటుకలా ఉంది. అదే నచ్చినట్టుంది అతనికి. "బాయి కాడి నుంచి నేరుగా వచ్చిండ్రా? ఎవరి కోసం?" అన్నాడు.

"మా బిడ్డ అడిగింది సార్. ఎన్ని రోజులైనా నిలబడ్త" అన్నాను.

ఆ ముక్కను వెనక సంగీతం పెట్టి గంటకోసారి చూపించారు. పేపర్ జిల్లా పేజీలో ఫొటో వేశారు. బాయి మీద హాజరు వేసే మస్టర్ కాడ నా తోటి సపోర్ట్‌మన్ ఎల్లన్న ఆ పేపర్ పట్టుకుని, "అన్నా, హీరో అయినవ్ గద" అని అందరికీ చూపించాడు. నాకూ లోలోపల గర్వంగానే ఉంది. ఇంటికి వచ్చి బిడ్డను అడిగాను.

"టీవీల సూసినవా నన్ను?"

"సూసిన. కనకవ్వ వాళ్లింట్ల నాలుగుసార్లు వచ్చింది."

"ఎట్లున్న?"

"అలిసిపోయినట్టున్నవ్ డాడీ."

ఆదివారం నాకు సెలవు. పిల్ల పొద్దున్నే లేచి తల దువ్వుకుని కూర్చుంది. నేను కరీంనగర్ బస్సుకు తయారవుతున్నాను. అక్కడ పెద్ద దుకాణాలు ఉంటాయి, ఏదో ఒక దాంట్లో దొరక్కపోదని నా ఆశ.

"నేను గూడ వస్త" అంది.

"ఎండల నువ్వెందుకు బిడ్డా? బస్సుల నిలబడి రావాలె. నేను జల్ది వచ్చేస్త గద."

ఆమె బతిమాలలేదు. బతిమాలే అలవాటు ఆ పిల్లకు ఎప్పుడూ లేదు, వాళ్లమ్మలాగే. నేను బస్సెక్కి పోయాను. కరీంనగర్‌లో ఏడు దుకాణాలు తిరిగాను. ఏడో దుకాణపాయన నన్ను తేరిపార చూసి నవ్వాడు.

"నువ్వు టీవీల వచ్చినోనివి గదా? మీ ఖనిలనే దొరుకుతున్నయనుకున్నం అన్నా. ఆ వార్త సూసి మా కాడికి గూడ జనం వచ్చి మీద పడ్తున్నరు. మొన్నటి దాక దీని పేరడిగినోడు లేడు."

తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. కనకవ్వ వాకిట్లో ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు. నా బిడ్డ ఒక పక్కన అరుగు మీద కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది. నా చేతులు ఖాళీగా ఉండడం చూసింది.

సద్దుల బతుకమ్మ ముందురోజు సాయంత్రం, అడగక అడగక ఒకటి అడిగింది.

"డాడీ, రేపు పొద్దుగాల తంగేడు పూలకు పోదామా? నేను చిన్నగున్నప్పుడు సైకిల్ మీద తీస్కపోయినవ్. గుట్ట కాడికి."

"పోదాం బిడ్డా. రేపు లీవు పెట్టిన. ఎండ రాకముందే పోదాం."

నిజంగానే లీవు పెట్టాను. పొద్దున ఐదున్నరకు లేచి సైకిల్‌కు గాలి కొట్టించుకొచ్చాను. ఆరింటికి జైపాల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు టోకెన్లు ఇస్తున్నారట. మొదట వచ్చిన ఐదుగురికే. ఆ ఐదుగురికి పండుగ లోపల కాకపోయినా పండుగ కాగానే గ్యారంటీగా పెట్టె. "నీ మీద ప్రేమతోని ముందుగాల నీకే చెప్తున్నన్నా" అన్నాడు.

పిల్ల మొహం కడుక్కుంటోంది. "అర్ధగంటల వస్త. నువ్వు బుట్ట తయారు పెట్టు" అని సైకిల్ అటు తిప్పాను.

అక్కడ అప్పటికే అరవై మంది ఉన్నారు. అందరికీ ప్రేమతోనే చెప్పినట్టున్నాడు. షట్టర్ ఎనిమిదిన్నరకు లేపారు. తోసుకున్నాం, తిట్టుకున్నాం. ఎవరిదో మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది. కేబుల్ కెమెరా గోడెక్కి తీసింది. పదకొండు గంటలకు నాలుగో నంబరు టోకెన్ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

సంతోషి కనకవ్వతో వెళ్లి పూలు తెచ్చుకుంది. గచ్చు మీద తంగేడు, గునుగు, బంతి కుప్పలుగా పోసి, పళ్లెంలో ఆకులు పరిచి వరుసలు పేరుస్తోంది. చేతులు పసుపుపచ్చగా ఉన్నాయి. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని టోకెన్ చూపించాను.

"సూడు బిడ్డా. నాలుగో నంబరు. ఇగ పక్కా."

ఆమె టోకెన్ చూసింది, నా పెదవి చూసింది. మళ్లీ పువ్వుల మీదికి వంగింది.

"డాడీ, అది ఇద్దరాడేదట గద?"

"అవ్. రెండు కట్టెలుంటయి."

"రెండోది ఎవ్వరు పట్టుకుంటరు?"

"ఎవ్వరేంది? నేనే."

ఆమె ఒక గునుగు కాడను కొలిచి, గోరుతో తుంచి, వరుసలో గుచ్చింది.

"నువ్వుండవ్ గద" అంది.

కోపంగా అనలేదు. ఎండగా ఉంది, వాన వచ్చేటట్టుంది అన్నట్టు అంది. నేను టోకెన్ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆమె పక్కన కాసేపు కూర్చుని, కింద పడ్డ కాడలు ఏరాను. బతుకమ్మ పేర్చడం అప్పటికే సగం దాటింది. నేను చేయడానికి అందులో ఏమీ మిగల్లేదు.

దసరా నాడు మటన్ తెచ్చాను. ఇద్దరం జమ్మి చెట్టు కాడికి పోయి వచ్చాం. ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది. తెల్లవారి మేనమామ బుచ్చన్న వచ్చాడు. ఆయన మంచివాడే, నాకు ఎప్పుడూ ఎదురు మాట అనలేదు. చాయ్ తాగి, "పోదామా బిడ్డా" అన్నాడు. సంచి ఆమే మోసుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది. కనకవ్వ వాకిలి ఊడుస్తూ ఆగి, "మంచి పిల్ల ఎల్లేశం. తొమ్మిది దినాలు మా ఇంట్ల ఉన్నది గని ఒక్కనాడు ఇది కావాలె అనలె" అంది.

తొమ్మిది దినాలు మా ఇంట్ల ఉన్నది. కనకవ్వ మామూలుగానే అంది ఆ మాట.

మర్నాడు షోరూం నుంచి ఫోన్ వచ్చింది. స్టాకు వచ్చేసిందట. వెళ్లకుండా ఉందామనుకున్నాను. కాళ్లు అలవాటుగా పోయాయి. అక్కడ డప్పులు కొడుతున్నారు. ఐదుగురి మెడలో దండలు వేశారు. పెట్టెను ఛాతీకి ఆనించుకుని నవ్వమన్నారు. నవ్వాను. ఫొటోలు తీశారు. కేబుల్ విలేకరి, "ఇప్పుడు మీ బిడ్డ ఎంత ఖుష్ అయితది!" అన్నాడు. అయితది అన్నాను.

బిల్లు రాసే చోట చంద్రమతి ఒక్కతే ఉంది. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది.

"హమ్మయ్య, మీకు వచ్చిందన్నయ్యా! పాప ఎదురుచూస్తూ ఉంటుంది."

"పాప పోయిందమ్మా. నిన్ననే."

"ఎక్కడికి?"

"వాళ్లమ్మ కాడికి. సెలవులు అయిపోయినయి గద."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. అటూ ఇటూ చూసింది. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"ఇవన్నీ మేడ మీదే ఉన్నాయన్నయ్యా. మొదటి రోజే ఇరవై నాలుగు దిగాయి. రోజుకు రెండే కిందికి దించమన్నారు. వరుస ఉంటేనే పేరు వస్తుందట, టీవీ వాళ్లు వస్తారట. రోజూ మీ పేరు రాసుకున్నాను. రోజూ లేదని చెప్పాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకూ చిన్నపిల్ల ఉంది. కొలువు పోతుందని నోరు మెదపలేదు. మీరు నన్ను తిట్టినా పడతాను."

తల పైకెత్తి మేడ మెట్లు చూశాను. తొమ్మిది రోజులు ఆ మెట్ల కిందే నిలబడ్డాను నేను. బాయిలో ఏ కప్పు ఎక్కడ బోలుగా ఉందో కట్టెతో తట్టి చెప్పేవాణ్ని.

జైపాల్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. నా మొహం చూడగానే అతనికి అర్థమైంది. చంద్రమతి పేరు నేను ఎత్తలేదు.

"మేడ మీద ఉంచుకొని లేదంటివా జైపాల్?"

అతను కుర్చీలోంచి లేచాడు. అబద్ధమాడలేదు. "కూసో అన్నా. సూడు, యాపారమంటె గిట్లనే ఉంటది. మొదటి రోజే ఇరవై నాలుగు బయట పెడ్తే రెండు గూడ అమ్ముడుపోవు. ఎవ్వనికెరుక అదేందో? దొరకదంటెనే కావాలంటరు. కంపెనీ వాళ్లు గూడ అంతే, అరకొర పంపుతరు, గిరాకి లేస్తది. నేను కొత్తగ కనిపెట్టింది కాదు." ఆగి, "నీకు ఒకటి ఇస్తే ఏమయ్యేది, నిజమే. గని నువ్వు టీవీల ఆ మాటన్నంక వరుస డబలయింది. నువ్వు వరుసల ఉండుడే నాకు కావాలె. నీ బిడ్డ తొమ్మిది దినాలకే పోతదని నాకేమెరుకన్నా? నువ్వు చెప్పలేదు గద."

తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు ఏదీ రాలేదు. నేను నిజంగానే చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు. రోజులు తరుగుతున్నాయని నాకు నేనే చెప్పుకోలేదు.

పెట్టె పట్టుకుని ఇంటికి నడిచాను. నడుస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. మొదటి రోజే ఇచ్చి ఉంటే ఏం చేసేవాణ్ని? తెచ్చి బిడ్డ ముందు పెట్టి, ఆడుకో అని, ఆ ఆదివారం ప్లేడేకు పోయేవాణ్ని. సెలవు రోజున డ్యూటీ చేస్తే డబల్ జీతం వస్తుంది, దాన్నే మేం ప్లేడే అంటాం. రమ ఉన్న పదమూడేళ్లలో నేను వదిలిన ప్లేడేలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆమె ఒక్కసారే అడిగింది, "ఈ ఒక్క ఆదివారం ఉండరాదు?" అని. ఉంటే ఏమొస్తది అన్నాను నేను.

జైపాల్‌ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి అంత మంచి మనిషి దొరికీ నాకు ఉపయోగపడలేదు.

సాయంత్రం పెట్టె విప్పాను. ఎల్లన్న వచ్చి తీగలు కలిపి, ఎట్లా ఆడాలో చూపించి, రాత్రి షిఫ్టు ఉందని వెళ్లిపోయాడు. టెన్నిస్ పెట్టాను. తెర మీద ఇద్దరు ఆటగాళ్లు వచ్చారు. రెండో కట్టె మంచం మీద పడి ఉంది. నేను చెయ్యి ఊపాను, నా బొమ్మ కొట్టింది. బంతి అవతలి బొమ్మ పక్కనుంచి పోయింది. ఆ బొమ్మ కదల్లేదు. రెండు కాళ్ల మీద అటూ ఇటూ కొద్దిగా ఊగుతూ, కళ్లార్పుతూ, నా దిక్కే చూస్తూ నిలబడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పోయింది. నేను గెలిచానని చప్పట్లు వినిపించాయి. టీవీ కట్టేసి, పెట్టె మంచం కిందికి తోసి, రమకు ఫోన్ చేశాను.

రెండేళ్లుగా మా మాటలు రైలు టైమింగుల వరకే. ఆ రోజు నేను చెప్పుకుంటూ పోయాను. వరుస గురించి, కరీంనగర్ గురించి, పూల గురించి. "బిడ్డ వస్తె ఇంట్ల ఉండలె రమా. దుకాణం ముందట నిలబడ్డ" అన్నాను.



"ఇయ్యాల తెలిసిందా నీకు?" అంది.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"ఆదివారం రా. బిడ్డ ఇంటికాడనే ఉంటది" అంది. తర్వాత, "ఏం తేకు" అంది.

ఆ వారంలోనే చౌరస్తాలో నా ఫ్లెక్సీ లేచింది. మెడలో దండ, ఛాతీకి పెట్టె, పళ్లన్నీ కనపడేలా నవ్వు. "ఓపిక పట్టాడు, సాధించాడు! మరి మీరు?" అని రాశారు. డ్యూటీకి పోతూ వస్తూ రోజుకు రెండుసార్లు దాని కింద నుంచి వెళ్లేవాణ్ని. తీసెయ్యమని జైపాల్‌ను అడిగితే, "దీపావళి దాక ఉండనియ్యన్నా" అని చేతులు పట్టుకున్నాడు. దీపావళికి హైదరాబాద్ నుంచి లారీ నిండా స్టాకు వచ్చింది. షోరూం ముందు పెట్టెలు గోడలా పేర్చారు. రేటు తగ్గించారు. అయినా ఎవ్వరూ ఆగి చూడలేదు. చంద్రమతి ఫోన్ చేసి పేరు వంతు వచ్చిందని చెబితే, రాయమల్లు తాత, "ఇప్పుడు అందరికి దొరుకుతున్నయట గద బిడ్డా. ఇగ నాకెందుకు?" అన్నాడట. ఫ్లెక్సీని చాయ్ బండివాడు దించుకుపోయి బండికి పైకప్పు కట్టుకున్నాడు.

రమ తిరిగి రాలేదు. అది చెప్పెయ్యడమే మంచిది. బెల్లంపల్లిలోనే కుట్టుమిషన్ పెట్టుకుంది, తర్వాత వేరే ఇల్లు తీసుకుంది. నా క్వార్టర్‌లో నేనొక్కణ్నే ఉన్నాను, ఇప్పటికీ అంతే. కానీ ఆ దసరా తర్వాత నేను ప్లేడేలకు పోలేదు. ఆదివారం పొద్దున రైలెక్కడం, సాయంత్రం బండికి రావడం. బిడ్డ ఇంటర్‌కు కరీంనగర్ హాస్టల్‌కు పోయేదాకా అలాగే నడిచింది.

మొదటి ఆదివారం ఉత్త చేతులతోనే వెళ్లాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బుచ్చన్న, అతని భార్య, రుత్విక్ ఏదో పెళ్లికి పోయారు. రమ లోపల వంటింట్లో ఉంది. సంతోషి మంచం మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"ఎప్పుడు పోతవ్ డాడీ?"

"సాయంత్రం బండికి."

"అప్పటిదాక ఏం చేస్తవ్?"

"ఏం చెయ్య. ఊకెనె ఉంట."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. గోడ గడియారం చూసింది. కాసేపయ్యాక సోషల్ పుస్తకం నా ఒళ్లో పెట్టి, "అయితె నాకు ప్రశ్నలు అడుగు. దిక్కులు సూస్కుంట అడగద్దు, మంచిగ అడుగు" అంది.

నేను చదివింది ఏడో తరగతి. ఒక్కో ప్రశ్న కూడబలుక్కుని చదివాను. నదులు, పంటలు, రాజులు. ఆమె చెప్పేది. తప్పు చెబితే నాకు తెలిసేది కాదు, ఆమే మళ్లీ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని చూసి, "తప్పు చెప్తే గుర్తువట్టాలె గద డాడీ" అని నవ్వేది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరం గడప దగ్గరికి, వెలుతురులోకి జరిగాం. ఇంకో పాఠం, మరో పాఠం.

దూరం నుంచి రైలు కూత వినిపించింది. నేను వెళ్లాల్సిన బండి అదే. సంతోషి తలెత్తి నా మొహం చూసింది. నేను పుస్తకం మీంచి వేలు తీయకుండా తరువాతి ప్రశ్న చదివాను. బండి ఆగింది, మళ్లీ కదిలింది, చప్పుడు మెల్లగా సన్నబడిపోయింది. అప్పుడు ఆమె జవాబు చెప్పింది.

వంటింట్లోంచి రమ గొంతు వచ్చింది. "ఇంకో బండి ఎనిమిదింటికి గద. తినిపో."